మజ్జిగ తాగకండి

ఆగస్టు 3, సోమవారం

నోటితో అన్నవన్నీ ఈ యంత్రాలు తీసేసుకున్నాయి. వాటికి అందని చోటు నాకు కాగితం ఒక్కటే కనబడింది. అందుకని యాభయ్యో ఏట కలం పట్టాను. పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. అయినా రాస్తాను. ఇవాళ మోకాళ్ళ మీద కూర్చుంటే ప్రార్థన రావడం లేదు, ఒకే సంగతి అడ్డం వస్తోంది.

నా పేరు దీవెనమ్మ. ఇంజినీరింగు కాలేజీలో మిక్స్‌డ్ రియాలిటీ ల్యాబ్ అటెండర్ని. తొమ్మిదేళ్ళుగా పొద్దున ఎనిమిదింటికి తలుపు తీసి, ముప్ఫయ్యారు కళ్ళద్దాలు స్పిరిట్ దూదితో తుడిచి వరసగా పెడుతున్నాను. పిల్లలు వాటిని పెట్టుకుంటే ఆ ఖాళీ గదిలో ఒక ఇల్లు కనిపిస్తుంది. తాటాకు చూరు, గడప, నులకమంచం. గడపలో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆ మనిషిని నేనే. నా మొహం, నా గొంతు, నేను కొంగు సర్దుకునే తీరు.

వరద వచ్చేలోగా ఇల్లు ఖాళీ చెయ్యడానికి పిల్లలు ఆ బొమ్మను ఒప్పించాలి. ఇంజినీరుకి లెక్కలొస్తే చాలదు, మనుషులతో మాట్లాడ్డం కూడా రావాలని తొమ్మిదేళ్ళ కిందటి పెద్ద వరద తర్వాత పెట్టిన పరీక్ష ఇది. కాగితాల మీద సాఫ్ట్ స్కిల్స్ అని ఉంటుంది, పిల్లలు మాట పరీక్ష అంటారు. గొంతు మెత్తగా ఉందా, కళ్ళలోకి చూస్తున్నారా, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగుతున్నారా అని కళ్ళద్దాలు చూసుకుంటాయి. బాగా మాట్లాడితే బొమ్మ తల వంచుతుంది, లోపలికి వెళ్ళి మజ్జిగ తెస్తుంది, "ఎండలో వచ్చారు, తాగండి బాబూ" అంటుంది. అప్పుడు గడప మీద పచ్చ దీపం వెలుగుతుంది. అంటే పాసు. వరండాలో పిల్లలు ఒకరినొకరు "మజ్జిగ పడిందా?" అని అడుగుతూ ఉంటారు. నేను బకెట్టు పట్టుకుని వెళితే "ఒరిజినల్ వస్తోందిరోయ్" అని దారి ఇస్తారు.

ఇవాళ షాహీన రెండోసారి తప్పింది. చివరేడు అమ్మాయి, లెక్కల్లో మొదటి ర్యాంకు. మూడోసారి కూడా పోతే డిగ్రీ చేతికి రాదు.

"మీ బొమ్మకి నామీద ఏం కోపం ఆంటీ?" అంటూ వచ్చి నా పక్కన నేలమీద చతికిలబడింది.

"ఏం చేశావమ్మా?"

"అందరిలాగే మాట్లాడాను. మజ్జిగ ఇచ్చింది. తాగాను. తాగాక, అయితే ఎప్పుడు బయల్దేరతారు, ఏమేం సర్దుకున్నారు అని అడిగాను. అంతే! పచ్చ దీపం ఆరిపోయింది. 'ఒత్తిడి పెట్టారు' అని మార్కులు కోసేసింది. మీరేమో గ్లాసు పట్టుకుని నవ్వుతూ బిగుసుకుపోయారు."

"నేను కాదమ్మా, బొమ్మ."

"అదే లెండి. మీరైతే ఏం చెప్పేవారు?"

నేను చేతిలోని కళ్ళద్దాలు తుడుస్తూనే ఉండిపోయాను. బొమ్మ దగ్గర జవాబు ఎందుకు లేదో నాకు తెలుసు. రికార్డు చేసిన రోజు నేను అక్కడితో ఆగిపోయాను.

సాయంత్రం జనార్దన్ సార్ అందర్నీ పిలిచారు. ల్యాబ్ కట్టింది ఆయనే. నాకు ఈ ఉద్యోగం ఇచ్చిందీ ఆయనే. ఈ నెల పద్నాలుగున అమావాస్య పోటుకి మూడో కట్ట ఆగదట. మూడు లక్షల మంది ఊరు మునగకుండా ఉండాలంటే ఉప్పుపేట వైపు గేటు తెరిచి నీళ్ళు అటు వదలాలి. ఉప్పుపేటలో నూట నలభై ఇళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళను ఒప్పించే పని మన పిల్లలకే అప్పజెప్పారని చెప్పి సార్ తన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా వదిన ఉంటున్నది ఉప్పుపేటలోనే.

ఆగస్టు 6, గురువారం

పిల్లలు ఉప్పుపేటకి పెట్టుకెళ్ళిన ముప్ఫయ్యారు కళ్ళద్దాలు ఉప్పు పట్టి తిరిగొచ్చాయి. తుడవడానికి రెండు గంటలు పట్టింది.

గోడ మీద ఉప్పుపేట పటం వేశారు. ఎవరింటి గడప ఒప్పుకుంటే అక్కడ పచ్చ దీపం. సోమవారం అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఇవాళ మధ్యాహ్నానికి నూట ముప్ఫయ్యారు పచ్చబడ్డాయి. సాయంత్రం చూస్తుండగా మిగతా నాలుగూ వెలిగాయి. పిల్లలు ఈలలు వేశారు.

"నేనొక్కణ్ణే పందొమ్మిది గ్లాసులు తాగాను ఆంటీ. అమావాస్య పోటు నా పొట్టలోనే వచ్చేలా ఉంది," అన్నాడు చరణ్ అనే అబ్బాయి.

"అన్ని ఇళ్ళలోనూ ఇచ్చారా బాబూ?"

"అన్ని ఇళ్ళలోనూ! ఒక్కరు కాదనలేదు. అచ్చం మీలాగే. తల ఇలా వంచి, కొంగు ఇలా సర్దుకుని..." అని నన్ను చేసి చూపించాడు. అందరూ నవ్వారు. నేను చేతిలో దూది పక్కన పెట్టాను.

సార్ దగ్గరికెళ్ళి మెల్లగా అడిగాను. "అందరూ వెళతారంటారా సార్?"

"పద్నాలుగో తేదీ పొద్దున బస్సులు వస్తాయి దీవెనమ్మ గారూ. ఒప్పుకున్నవాళ్ళు ఎక్కుతారు. రెండూ నలభైకి గేటు దానంతటదే తెరుచుకుంటుంది."

"ఎవరైనా ఎక్కకపోతే?"

"ఒప్పుకున్నారు కదమ్మా," అన్నారాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

పోయినసారి గేటు దగ్గర మనుషులు నిలబడి తెరుద్దామా వద్దా అని తటపటాయించారు, ఆ తటపటాయింపులో సగం ఊరు పోయింది. అందుకని ఇప్పుడు గేటుకి మనిషి చెయ్యి లేదు. దీపాలన్నీ పచ్చగా ఉంటే చాలు.

ఆగస్టు 9, ఆదివారం

ఆరాధనకి ఉప్పుపేట యేసు గుడికి వెళ్ళాను. దారి పొడవునా చూశాను. ఒక్క ఇంటి ముందు మూట లేదు. ఎవరో కొత్త తాటాకు కప్పుతున్నారు. ఒకావిడ గుమ్మానికి రంగు వేస్తోంది. ఎందుకని అడిగితే "అమావాస్య వెళ్ళాక పిల్లకి పెళ్ళిచూపులు" అంది.

ఆరాధన అయ్యాక వదిన ఇంటికి వెళ్ళాను. సారమ్మ వదిన వరదలో పోయిన మా ఆయన యోహానుకి సొంత అక్క. అరవై నాలుగేళ్ళు. చేపలు ఎండబెడుతోంది.

"రావమ్మా, కాలేజీ దొరసానీ. మీ పిల్లలు వచ్చారు. ఎంత ముద్దుగా మాట్లాడారో! ఒకడు నా కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాడు, పెళ్ళికొడుకులాగా."

"ఇల్లు ఖాళీ చేస్తానన్నావా వదినా?"

"నేనెందుకంటాను?"

"మరి దీపం పచ్చగా..."

"ఏ దీపం? ఎండలో పడి వచ్చారు, మొహాన కాదని ఎలా అంటాం? మజ్జిగిచ్చి పంపించాను. పాపం, ఎంత సంతోషపడ్డాడో ఆ పిల్లాడు." చేపల మీద ఈగల్ని తోలుతూ నవ్వింది. "పోయినసారి నీళ్ళొచ్చాక ఇళ్ళు వదిలినవాళ్ళు ఇప్పటికీ డేరాల్లోనే ఉన్నారు. నేను వెళ్ళను. పేటలో ఎవరూ వెళ్ళరు. పోటు వస్తే వస్తుంది. నా తమ్ముడు మెడలోతు నీళ్ళలో వల కోసం వెనక్కెళ్ళిన మనిషి. వాడి అక్కని నేను."

నీళ్ళు తీశాక దొరికిన యోహాను వల గోడకి కొక్కెం మీద వేలాడుతోంది. తొమ్మిదేళ్ళుగా వదిన దాన్ని దులిపి, చిరిగినచోట ముడులేసి, మళ్ళీ తగిలిస్తోంది. దాన్ని చూసి నేను తల దించుకున్నాను.

లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. తాగాను. తాగాక లేచి వచ్చేశాను. అంతకు మించి నాకేం రాలేదు.

ఆగస్టు 10, సోమవారం

పొద్దున్నే సార్ గది ముందు నిలబడ్డాను. మనసులో మాటలు పేర్చుకున్నాను. "సార్, పేటలో ఎవరూ మూటలు కట్టలేదు," అన్నాను.

"ఇంకా నాలుగు రోజులుందిగా," అన్నారు. గోడమీద పచ్చ దీపాలు చూపించారు. "నూట నలభైకి నూట నలభై! ఇదెవరి పుణ్యమో తెలుసా? ఆ వరదకి ముందు నేను కొత్తగా చేరిన ఇంజినీర్ని. నూట పదిహేడు గడపలెక్కాను. నాకు మాట్లాడ్డం రాదు. గడగడా లెక్కలు చెప్పాను, అరిచాను. ఒక్కరూ వినలేదు. విన్నది మీరొక్కరే. తర్వాత డేరాలో మిమ్మల్ని ప్రాణాలతో చూశాను చూడండి, ఆ క్షణం లేకపోతే నేను బతికేవాణ్ణి కాదు. ఆ ఒక్క గడప దగ్గర నేనేం సరిగ్గా చేశానా అని వెతికి వెతికి ఈ ల్యాబ్ కట్టాను."

ఈ మాటలు ఆయన నాతో అనడం ఎన్నోసారో తెలియదు. ప్రతిసారీ నేను తల ఊపుతాను. ఇవాళా ఊపాను. వచ్చి కళ్ళద్దాలు తుడిచాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను.

ఆగస్టు 11, మంగళవారం

ఇది దేవుడికి తెలుసు. కాగితానికి ఇవాళ చెబుతున్నాను.

ఆ రోజు సార్ మా గడపలోకి వచ్చినప్పుడు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పాపం అనిపించింది. ఆయన చెప్పిందంతా తల వంచుకుని విన్నాను. మజ్జిగిచ్చాను. తాగి, దండం పెట్టి, తన పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. యోహాను మూట కట్టడం మొదలుపెట్టాడు. వద్దన్నది నేను. అంట్లు తోముకుంటూ, "పోటు ఎప్పుడూ గడప దాకే వస్తుందిలే" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆయన మూట విప్పేశాడు.

మేం బయల్దేరలేదు. నీళ్ళు వచ్చాయి. యోహాను నన్ను గుడి మేడమెట్ల మీదికి తోశాడు. తను ఎక్కేలోగా కొట్టుకుపోయాడు.

డేరాలో సార్ నన్ను చూసి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చారు. "మీరు నా మాట విన్నారు, బయల్దేరారు, కదమ్మా?" అన్నారు. అంత ఏడుస్తున్న మనిషికి కాదని చెప్పలేక తల ఊపాను. "మరి అంకుల్?" అంటే నోటికి వచ్చింది చెప్పాను. "వల కోసం వెనక్కెళ్ళారు" అన్నాను. వదిన అక్కడే ఉంది. విన్నది. ఆ రోజు నుంచి అది ఆమెకి తమ్ముడి కథ అయిపోయింది.

తర్వాత సార్ నన్ను గదిలో నిలబెట్టి, "ఆ రోజు ఎలా ఉన్నారో అలాగే చెయ్యండి" అన్నారు. చేశాను. తల వంచాను, మజ్జిగ తెచ్చాను. వాళ్ళు దాన్నే ఒప్పుకోలు అని రాసుకున్నారు.

ఏటా మూడు వందల మంది పిల్లలు నా బొమ్మ దగ్గర మజ్జిగ తాగి, పని అయిపోయిందనుకుని వెనక్కి తిరగడం నేర్చుకున్నారు.

ఆగస్టు 12, బుధవారం

చెప్పేశాను.

సార్ గదిలో షాహీన కూడా ఉంది, మూడోసారి పరీక్షకి తేదీ అడగడానికి వచ్చింది. బయటికి వెళ్ళమనలేదు నేను. ఒక సాక్షి ఉంటే వెనక్కి తగ్గలేననిపించింది.

"సార్, ఆ రోజు నేను మీ మాట వినలేదు."

ఆయన నవ్వు మొహంతోనే తలెత్తారు. "అదేంటి?"

"మేం ఇల్లు కదలలేదు సార్. నీళ్ళొచ్చేదాకా ఇంట్లోనే ఉన్నాం."

"అంకుల్ వల కోసం వెనక్కెళ్ళారన్నారు..."

"బయల్దేరితే కదా సార్, వెనక్కి వెళ్ళడానికి."

ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళారు. "మూడు వేల మంది పిల్లలమ్మా," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "తొమ్మిదేళ్ళు! రోజూ నాకెదురుగా కళ్ళద్దాలు తుడుస్తూ..."

"తిట్టండి సార్. కాని ఉప్పుపేటలో కూడా అదే జరిగింది. అందరూ మజ్జిగిచ్చారు. ఒక్కరూ వెళ్ళరు. ఎల్లుండి గేటు తెరుచుకుంటుంది."

ఆయన గేటు ఆఫీసుకి ఫోను చేశారు. స్పీకరులో అవతలి గొంతు నాకూ వినిపించింది. "నూట నలభై పచ్చగా ఉన్నాయి కదండీ. ఎరుపు చెయ్యాలంటే ఆధారం కావాలి. ఉందా?"

"ఒకావిడ చెబుతోంది."

"ఎవరావిడ?"

సార్ నావైపు చూశారు. "మా అటెండరు," అన్నారు. అవతల ఫోను పెట్టేశారు. ఇంకో రెండు చోట్లకి చేశారు. గేటు ఆపితే ఊరు పోతుందన్నారే తప్ప ఇంకోమాట లేదు.

ఫోను కింద పెట్టి సార్ కుర్చీలో కూలబడ్డారు. షాహీన నా దగ్గరికి జరిగింది. సోమవారం అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది. "మీరైతే ఏం చేస్తే వెళ్ళేవారు ఆంటీ?"

ఈసారి నేను ఆలోచించాను. ఎవరో ఒకరు అడిగారు కాబట్టి ఆలోచించగలిగాను.

"ఆ రోజు సార్ మజ్జిగ తాగకుండా ఉంటే."

ఇద్దరూ నా మొహం చూశారు. చెప్పాను. మా పేటలో గడపకొచ్చిన మనిషిని నోరు తడపకుండా పంపరు. ఆ మనిషి తాగేదాకా ఇంటివాళ్ళు వేరే పని ముట్టుకోరు, తలుపు వెయ్యరు, అన్నానికి కూర్చోరు. తాగాక మాత్రం వచ్చిన మనిషి కూర్చోకూడదు. లేచి వెళ్ళిపోవాలి.

"అంటే నన్ను పంపెయ్యడానికే మజ్జిగిచ్చారా?" అన్నారు సార్.

"అవును బాబూ." సార్ అనాల్సింది, బాబూ అనేశాను. ఆ రోజు గడపలో కూడా అలాగే పిలిచాను.

ఆయనకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. మొహం చేతుల్లో పెట్టుకున్నారు. షాహీన మాత్రం అప్పటికే వరండాలోకి పరుగెత్తి పిల్లల్ని కేకలేసి పిలుస్తోంది.

ఆగస్టు 13, గురువారం

ఇవాళ కళ్ళద్దాలు తుడవలేదు. ఎవరికీ ఇవ్వలేదు.

ఏడింటికి పేటలో దిగాం. ముప్ఫయ్యారు మంది పిల్లలు, సార్, నేను. అందరికీ ఒకటే చెప్పాను. మజ్జిగ తాగకండి. నీళ్ళు కూడా వద్దు. మూటలు గడప బయటికొచ్చాక తాగుదాం.

మొదటి గడప ఎక్కింది నేనే. రాహేలు ఇల్లు. నాకు వరసకి కూతురవుతుంది. గ్లాసు తెచ్చి అందించబోయింది.

"తాగను," అన్నాను. నా నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి.

"అదేంటి పిన్నీ? మా చేతి మజ్జిగకి ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదమ్మా. రేపు రెండూ నలభైకి ఇక్కడ నీళ్ళొస్తాయి. నీ మూట బయట పెట్టు, అప్పుడు తాగుతాను."

"సరేలే, చూద్దాం. ముందు తాగు."

"ముందు మూట."

"పొయ్యి మీద కూర మాడిపోతోంది పిన్నీ!"

"మాడనీ."

గడప మీదే కూర్చున్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళలేదు, గ్లాసు కింద పెట్టలేదు. నన్ను తిట్టింది. వాళ్ళాయన్ని పిలిచి నామీద చెప్పింది. ఆయన వచ్చి నన్ను చూసి, గ్లాసు చూసి, నెత్తి గోక్కున్నాడు. అప్పుడు మొదటిసారి అసలు మాట బయటికొచ్చింది. "డేరాల్లో ఎన్నేళ్ళుండాలి? మా కోళ్ళు ఏమవుతాయి? మా నాయన లేవలేడు, ఎవరు మోస్తారు?"

ఆ బొమ్మ ఇవేవీ ఎప్పుడూ అడగలేదు. దానికి నేను నేర్పలేదు.

సార్ నేలమీద గొంతుక్కూర్చుని ఒక్కోదానికి జవాబు చెప్పారు. తెలియనిదానికి తెలియదన్నారు. ముసలాయన్ని ఇద్దరు పిల్లలు మంచంతో సహా మోశారు. కోళ్ళగంప చరణ్ నెత్తిన పెట్టుకున్నాడు, అది వాడి చొక్కా మీద ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు. గంటన్నర పట్టింది. అప్పుడు మజ్జిగ తాగాను. వేడెక్కిపోయింది. అంత రుచిగా ఎప్పుడూ తాగలేదు.

పేటంతా అదే తంతు. ప్రతి గడపలో గ్లాసు పట్టుకుని ఒకరు, చేతులు కట్టుకుని ఒకరు. "ఏం పిల్లలే వీళ్ళు, మొన్న ఎంత మర్యాదగా ఉన్నారు!" అని ఒకావిడ వీధంతా వినిపించేలా అరిచింది. పిల్లలు నాలుకలు పిడచకట్టి, పెదాలు తడుపుకుంటూ కూర్చున్నారే గాని కదల్లేదు. షాహీన ఒక ఇంట్లో నాలుగు గంటలు కూర్చుంది. సాయంత్రానికి నూట ముప్ఫయ్యొక్క ఇళ్ళ మూటలు బయటికొచ్చాయి.

ఇంకా తొమ్మిది. వాటిలో ఒకటి వదినది. ఆమె గడపకి నేను ఇవాళ వెళ్ళలేదు. పిల్లల్ని పంపాను. ఆమె గ్లాసు గుమ్మంలో పెట్టి, తను చేపల దగ్గరికెళ్ళి కూర్చుందట. "నేను ఏ పనీ ముట్టుకోను, మీరూ తాగకండి. పోటు వచ్చేదాకా ఇలాగే కూర్చుందాం," అందట.

ఆగస్టు 14, శుక్రవారం, అమావాస్య

పదింటికి మిగతా తొమ్మిదిలో ఎనిమిది ఇళ్ళు కదిలాయి. పదకొండున్నరకి బస్సులు నిండాయి. కట్ట మీద మైకు ప్రతి పావుగంటకీ సమయం చెబుతోంది. కాలవలో నీళ్ళు అప్పటికే గట్టు మట్టానికి ఉన్నాయి.

వదిన గడపలో నిలబడ్డాను. చేతిలో గ్లాసుతో ఎదురొచ్చింది. "తాగి వెళ్ళు దీవెనా. నిన్ను చూస్తే జాలేస్తోంది."

"తాగను వదినా."

"అయితే కూర్చో. నాకేం తొందర్లేదు."

పన్నెండు అయింది. పావుతక్కువ ఒంటిగంట అయింది. సార్ వాకిట్లో నిలబడి గడియారం చూస్తున్నారు. షాహీనని బస్సులోకి వెళ్ళమంటే వెళ్ళలేదు.

"నా తమ్ముడికి లేని భయం నాకెందుకు?" అంది వదిన మళ్ళీ, వల వైపు చూసి. "మెడలోతు నీళ్ళలో..."

"యోహాను వల కోసం వెళ్ళలేదు వదినా."

ఆమె వల మీద నుంచి చూపు తిప్పింది.

"మేం బయల్దేరనే లేదు. ఆయన మూట కట్టాడు. నేను విప్పించాను. నీళ్ళొస్తే నన్ను మెట్ల మీదికి తోసి పోయాడు. ఆయనకి భయం వేసింది వదినా. బాగా భయం వేసింది. నా పేరు పెట్టి అరిచాడు. వల అప్పుడు మా ఇంట్లో కొక్కెం మీదే ఉంది. నీకు అబద్ధం చెప్పాను. సార్‌కి చెప్పాను. తొమ్మిదేళ్ళు చెప్పాను."

నా జీవితంలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. వాకిట్లో ఉన్నవాళ్ళంతా విన్నారు.

వదిన నన్ను చూసింది. ఆ చూపు నేను రాయలేను. చేతిలో ఉన్న మజ్జిగ మెల్లగా గడప మీద పారబోసింది. లోపలికి వెళ్ళింది. పెట్టెలో బట్టలు పడుతున్న చప్పుడు వినిపించింది. ఇత్తడి గిన్నెలు, వాక్యపుస్తకం, ఎండుచేపల డబ్బా. ఒంటిగంటా పదికి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బయటికొచ్చింది. షాహీన చెయ్యందిస్తే పట్టుకుంది. నా పక్కనుంచే నడిచి వెళ్ళింది, నావైపు తిరగలేదు.

తలుపు వేస్తూ లోపలికి చూశాను. వల కొక్కెం మీదే వదిలేసింది.

రెండూ నలభైకి గేటు తెరుచుకుంది. కట్ట మీద నిలబడి చూశాం. ముందు నీళ్ళు పాలలాగా తెల్లగా వచ్చాయి, తర్వాత నల్లగా. ఎవరో కీర్తన అందుకున్నారు. రాహేలు ఇల్లు పోయింది. కొత్త తాటాకు కప్పిన ఇల్లు, రంగు వేసిన గుమ్మం పోయాయి. గుడి మేడ మాత్రం సగం పైకి కనబడుతోంది. ఇళ్ళలో మనిషి లేడు. సార్ పేర్లు పిలిచి చూసుకున్నారు, ఒకసారి కాదు, మూడుసార్లు.

ల్యాబ్ గోడ మీద నూట నలభై దీపాలు పచ్చగానే ఉన్నాయట. ఆరో తేదీ నుంచీ అవి అలాగే ఉన్నాయిగా.

ఆగస్టు 20, గురువారం

పేటవాళ్ళు కొందరు మా కాలేజీలోనే ఉన్నారు. ల్యాబ్ గదిలో చాపలు పరిచాం. బొమ్మ ఇల్లు కనిపించేచోట ఇప్పుడు నిజం పొయ్యిలు, ఏడ్చే పిల్లలు. కళ్ళద్దాలు పెట్టెల్లో ఉన్నాయి. డేరాల సంగతి ఇంకా తేలలేదు. రాహేలు రోజూ సార్‌ని నిలదీస్తోంది, ఆయన రోజూ వచ్చి కూర్చుని తిట్లు తింటున్నారు.

నిన్న సార్ నా దగ్గరికొచ్చారు. నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. "కొత్తగా రికార్డు చేద్దాం దీవెనమ్మ గారూ. ఈసారి మీరు తాగనన్నదీ, గడపలో కూర్చున్నదీ, అన్నీ పెడదాం," అన్నారు.

"వద్దు సార్."

"ఎందుకమ్మా?"

"రేపట్నించి పిల్లలు మజ్జిగ తాగకపోతే మార్కులేస్తారు. ఎందుకు తాగకూడదో మళ్ళీ ఎవరికీ తెలియదు. పిల్లల్ని మనుషుల ఇళ్ళకే పంపండి."

ఆయన తలూపారు. తర్వాత ఆయనే ఆగి, "ఇది మీరూపే తల ఊపు కాదులెండి, నిజంగానే," అన్నారు. తొమ్మిదేళ్ళలో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

షాహీనకి ఇంకా పాసు రాలేదు. యంత్రం ప్రకారం రెండుసార్లు తప్పిన పిల్లే. సార్ పైవాళ్ళకి చేత్తో ఉత్తరం రాశారు. జవాబు లేదు.

వదిన షాహీన చేత్తో అన్నం తింటుంది. నాతో మాట్లాడదు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఒక గ్లాసు మజ్జిగ ఆమె చాప పక్కన పెడతాను. ఆమె దానిమీద పళ్ళెం మూసి పక్కకి జరుపుతుంది. ఆరు రోజులుగా తాగలేదు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇవాళ పళ్ళెం తీసి చూస్తుంటే తట్టింది. తాగితే లేచి వెళ్ళాలి. తాగలేదు కాబట్టి వదిన ఇంకా నా గడపలోనే ఉంది. మా మధ్య మాట ఇంకా అయిపోలేదు. రేపు కూడా పెడతాను.

నోటుబుక్కు నిండింది. దీన్ని షాహీనకి ఇస్తున్నాను. నీ పెట్టె అడుగున పెట్టుకో తల్లీ. ఎలుకలు కొట్టకుండా, నీళ్ళు తగలకుండా చూడు. పారెయ్యకు. కాని ఎవరికీ చూపించకు, మంచివాళ్ళకి కూడా. కళ్ళద్దాలకి అస్సలు చూపించకు. ఎప్పుడైనా ఒక గడపలో నువ్వు అడిగినదానికి జవాబు లేక ఎవరైనా తల వంచుకుని నిలబడితే, నేనెలా నిలబడ్డానో గుర్తు తెచ్చుకుని కాసేపు కూర్చో. అంతవరకే ఇది నీకు. ఉంచు.